దొడ్డికాళ్లకు మోకాలి మార్పిడి: ఏ ఇంప్లాంట్ అన్నది ఎక్కడ తేలుతుంది?

మీరు రాసింది క్లుప్తంగా ఇది. అమ్మగారికి 63 ఏళ్లు, ఊరు నల్లగొండ జిల్లా మునుగోడు వైపు. రెండు కాళ్లూ దొడ్డికాళ్లు, కుడికాలు మరీ ఎక్కువ, ఎక్స్‌రేలో 24 డిగ్రీల వంకర. మూడు ఆసుపత్రులు తిరిగారు. ఒక డాక్టరు మామూలు పీఎస్ రకం ఇంప్లాంట్ (మోకాలిలో పెట్టే కృత్రిమ కీలు) చాలన్నారు. రెండో ఆయన సీసీకే (మోకాలిని ఇంకా గట్టిగా పట్టే రకం), దానికి స్టెమ్ (ఎముక లోపలికి దిగే లోహపు కడ్డీ) కూడా వేయాలి, ఖర్చు లక్షకు పైగా పెరుగుతుంది అన్నారు. మూడో చోట రోబోతో బంగారు పూత మోకాలు వేస్తాం, 30 ఏళ్లు చూసుకోనక్కర్లేదన్నారు. ఎవరి మాట వినాలో తెలియక అడుగుతున్నారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా మోకాలి మార్పిడులు చేస్తున్న ఎముకల డాక్టర్ని. మీ అమ్మగారిని చూడకుండా ఫలానాది వేయించుకోండని చెప్పలేను. కానీ ఒక మాట ధైర్యంగా చెప్పగలను: మొదటి ఇద్దరిలో ఎవరూ మిమ్మల్ని మోసం చేయడం లేదు. ఇంత వంకర ఉన్న మోకాలికి పీఎస్ సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. ఆ సంగతి మోకాలు తెరిచి, ఎముక కోసి, రెండు పక్కల లిగమెంట్లు (ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీలు) ఎంత బిగిశాయో ఎంత సాగాయో చేత్తో పట్టి చూసుకున్నాకే ఖాయంగా తెలుస్తుంది. కాబట్టి డాక్టరుగారిని ఈ ప్రశ్న అడగండి: "మామూలుది నిలబడకపోతే దాని పైమెట్టు ఇంప్లాంట్ ఆ రోజు థియేటర్లో సిద్ధంగా ఉంటుందా?" మిగతా ప్రశ్నలన్నీ దీని తర్వాతే.

ఎందుకంటున్నానో అర్థం కావాలంటే దొడ్డికాలులో లోపల ఏం జరిగిందో తెలియాలి. బాగున్న కాలిలో కూడా నడిచేటప్పుడు బరువులో ఎక్కువ భాగం, దాదాపు మూడింట రెండు వంతులు, మోకాలి లోపలివైపే పడుతుంది. అక్కడ గుజ్జు అరగడం మొదలైతే కాలు బయటికి వంగుతుంది. వంగిన కొద్దీ బరువు ఇంకా లోపలికి జరుగుతుంది, అరుగుదల ఇంకా పెరుగుతుంది. ఒక దశ దాటాక గుజ్జు ఉండదు, ఎముకే అరుగుతుంది. కాలి ఎముక పైభాగంలో, లోపలివైపు వెనక మూలన గుంట పడుతుంది. లోపలి లిగమెంటు ఏళ్ల తరబడి వదులుగా ఉండి కురచబడిపోతుంది, దాని కిందే పెరిగిన ఎముక ముళ్లు దాన్ని ఇంకా పైకి తన్ని పట్టి ఉంచుతాయి. బయటి లిగమెంటు మాత్రం అడుగడుక్కీ సాగుతూ ఉంటుంది. నులకమంచం ఒకవైపు బిగిసి, ఇంకోవైపు కుంగితే ఎలా ఉంటుందో ఆ మోకాలు అలా ఉంటుంది. అమ్మగారు నడుస్తుంటే వెనక నుంచి చూడండి. అడుగు వేసిన ప్రతిసారీ కుడి మోకాలు బయటికి ఒక్కసారి తన్నుకుపోతుంటే బయటి లిగమెంటు బాగా సాగిందని అర్థం. ఆ వీడియో తీసి డాక్టరుకు చూపించండి, పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రే కంటే ఎక్కువ చెబుతుంది.

ఇక ఇంప్లాంట్లు. దుకాణంలో పేర్లు వందుంటాయి గానీ, అసలు తేడా ఒక్కటే: ఇంప్లాంట్ తనంతట తాను మోకాలిని ఎంత పట్టి ఉంచుతుంది, మన లిగమెంట్ల మీద ఎంత వదిలేస్తుంది. దీన్ని మెట్లుగా ఊహించుకోండి. అన్నిటికంటే కింది మెట్టు సీఆర్. మోకాలి మధ్యలో వెనకవైపు ఉండే క్రూసియేట్ లిగమెంటును ఉంచేసి వేసేది. దానిపైన పీఎస్. ఆ లిగమెంటు తీసేసి, దాని పనిని ప్లాస్టిక్ ఇన్సర్ట్ మధ్యలో నిలబెట్టిన చిన్న గూటంతో చేయిస్తారు. దొడ్డికాలు బాగా ముదిరితే ఆ లిగమెంటు కూడా కురచబడి వంకరను వదలనివ్వదు. అందుకే మాలో ఎక్కువమంది ఇలాంటి మోకాలికి పీఎస్‌తోనే మొదలుపెడతాం. మీడియల్ పివట్ (లోపలివైపు ఇరుసుగా తిరిగే) రకాలతోనూ బాగా చేసేవాళ్లున్నారు, అది ఆ సర్జన్ చెయ్యి అలవాటును బట్టి. మూడో మెట్టు సీసీకే. ఇందులో ఆ గూటం పొడవుగా, వెడల్పుగా ఉండి తొడ ఎముక వైపు పెట్టెలో దాదాపు బిగుతుగా కూర్చుంటుంది. మోకాలు పక్కలకు రెండు మూడు డిగ్రీలకు మించి ఊగదు. అన్నిటికంటే పైమెట్టు హింజ్, తలుపుకు మడతబందు వేసినట్టు తొడ ఎముక ముక్కను, కాలి ఎముక ముక్కను కలిపేసేది. లిగమెంట్లు రెండూ పనికిరానప్పుడే అది.

"అయితే పైమెట్టుదే వేయించేద్దాం, గట్టిగా ఉంటుంది కదా" అని చాలామంది అంటారు. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. నడిచేటప్పుడు మోకాలి మీద పక్కకు తోసే బలం, మెలితిప్పే బలం పడతాయి. లిగమెంట్లు బాగుంటే వాటిని అవే మింగేస్తాయి. ఇంప్లాంట్ గట్టిగా పట్టి ఉంటే ఆ బలమంతా ఇంప్లాంట్‌కూ ఎముకకూ మధ్య ఉన్న సిమెంటు మీదికి పోతుంది, కాలక్రమంలో అక్కడ వదులవుతుంది. 1950లలో వచ్చిన తొలితరం హింజ్ మోకాళ్లు అలాగే వదులైపోయాయి. 1974లో న్యూయార్క్‌లో జాన్ ఇన్‌సాల్, మన దేశం నుంచి వెళ్లిన చిత్రంజన్ రణావత్, పీటర్ వాకర్ కలిసి తెచ్చిన టోటల్ కాండిలార్ మోకాలు దారి మార్చింది. బందు లేకుండా, రోగి సొంత లిగమెంట్లనే సమానంగా బిగించుకుని నిలబడే పద్ధతి అది. 1978 నాటి పీఎస్ దాని కొనసాగింపే. కాబట్టి సూత్రం ఇది: మోకాలు నిలకడగా ఉండటానికి చాలినంత పట్టు, అంతకు మించి వద్దు. 63 ఏళ్ల మనిషికి ముందు ఇరవై ఏళ్ల పైన నడక ఉంది. అవసరం లేని సీసీకే ఆ ఏళ్లను తగ్గించవచ్చు. అవసరమైన చోట సీసీకే వేయకపోతే మోకాలు మొదటి ఏడాదే ఊగుతుంది.

24 డిగ్రీలంటే సీసీకే తప్పదా? నా అనుభవంలో తప్పదనేమీ లేదు. ఓపికగా చేస్తే ఇంతటి వంకరలు చాలావరకు పీఎస్‌తోనే కుదురుతాయి. ఆ ఓపిక ఎక్కడంటే, లోపలి లిగమెంటును తెంపుకుంటూ పోకుండా, ముందు దాన్ని ఎత్తి పట్టిన ఎముక ముళ్లన్నీ ఏరి తీయడంలో. చాలాసార్లు సగం వంకర అక్కడే వదులుతుంది. తర్వాత కాలి ఎముక మీద కూర్చునే ఇంప్లాంట్ పళ్లేన్ని ఒక సైజు తగ్గించి, బయటివైపుకు జరిపి కూర్చోబెట్టి, లోపలి అంచున మిగిలిన ఎముకను చెక్కేస్తాం. ఇలా చెక్కిన ప్రతి 2 మిల్లీమీటర్లకు సుమారు ఒక డిగ్రీ వంకర పోతుందని మాకో లెక్క. ఇంకా బిగువుంటే లిగమెంటులో బిగిసిన పోగులను మాత్రం సూదితో అక్కడక్కడా పొడిచి సాగదీస్తాం. బయటివైపు కొద్దిగా వదులు మిగిలినా ఫరవాలేదు, శరీరం సర్దుకుంటుంది. లోపలివైపు వదులైతే మాత్రం సర్దుకోదు.

ఇది నాకు పుస్తకంలో రాలేదు. సొంతంగా చేయడం మొదలుపెట్టిన కొత్తలో, మీ అమ్మగారి వయసే ఉన్న ఒకామెకు ఇలాంటి మోకాలే తెరిచాను. కాలు స్కేలు పెట్టి గీసినట్టు రావాలన్న పట్టుదలతో లోపలి లిగమెంటును కొంచెం కొంచెం విడదీస్తూ పోయాను. ఒక క్షణంలో అది చేతిలో పూర్తిగా వదిలేసింది. థియేటర్లో పీఎస్ సెట్టు ఒక్కటే ఉంది. సీసీకే సెట్టు ఊరికి అవతలి చివరనున్న గోడౌన్ నుంచి రావాలి. గాయంలో తడి గాజుగుడ్డలు నింపి, రక్తం ఆపడానికి తొడకు బిగించిన టూర్నికే వదిలేసి, గంటన్నర ఎదురుచూశాం. తెరిచిన మోకాలు అంతసేపు ఉంటే ఇన్ఫెక్షన్ భయం ఎంతో మీకు చెప్పక్కర్లేదు. ఆమె కోలుకున్నారు, బాగా నడిచారు. ఆ తప్పు నాదే. ఆ రోజు నుంచి 15 డిగ్రీలు దాటిన ఏ మోకాలికైనా సీసీకే, స్టెమ్‌లు, ఆగ్మెంట్లు (గుంట నింపే లోహపు దిమ్మలు) థియేటర్లోకి వచ్చాయని కళ్లతో చూసుకున్నాకే మత్తు ఇవ్వనిస్తున్నాను. వాటిలో చాలా పెట్టెలు విప్పకుండానే వెనక్కి వెళ్తాయి. విప్పని పెట్టెకు రోగి డబ్బు కట్టనక్కర్లేదు. మీ రెండో డాక్టరు చెప్పిన సీసీకే ఈ "సిద్ధంగా ఉంచడం" కిందికి వస్తుందేమో అడగండి. "అవసరమైతేనే వేస్తాం, వేయకపోతే బిల్లు వేయం" అంటే ఆయన జాగ్రత్తపరుడు. ఆపరేషన్‌కు ముందే ఎలాగైనా అదే వేస్తాం అంటే కారణం అడగండి. ఎక్స్‌రేలో మోకాలు పక్కకు జారిపోయి ఉండటం, లోపలి లిగమెంటు ఇదివరకే దెబ్బతిని ఉండటం లాంటివి న్యాయమైన కారణాలే.

స్టెమ్ విషయం వేరు. దాన్ని ఒక్క సీసీకేతోనే ముడిపెట్టి చూడకండి. కాలి ఎముకలో పడిన గుంట లోతును బట్టి కూడా అది తేలుతుంది. ఎముక కోశాక గుంట 5 మిల్లీమీటర్ల లోపు మిగిలితే సిమెంటుతో నింపేస్తే చాలు. 5 నుంచి 10 మధ్య అయితే కొందరు స్క్రూలు వేసి వాటి చుట్టూ సిమెంటు నింపుతారు. నేనైతే తొడ ఎముక నుంచి కోసి తీసిన ముక్కనే చెక్కి అక్కడ అతికిస్తాను, రోగి ఎముక రోగికే దక్కుతుంది. 10 దాటితే లోహపు దిమ్మ, అంటే ఆగ్మెంట్, పెట్టాలి. కుంటే బల్ల కాలి కింద చెక్కముక్క పెట్టినట్టు. అలా దిమ్మ పెట్టినా, పెద్ద ఎముక ముక్క అతికించినా, ఎముక బోలుగా ఉన్నా, మనిషి బరువు బాగా ఎక్కువైనా పళ్లెం కింద స్టెమ్ వేసి బరువును కింది గట్టి ఎముకకు పంచాలి. ఇంకొకటి: ఇంత దొడ్డికాళ్లలో మోకాలికి కింద కాలి ఎముకలో సన్నని పగులు కొన్నిసార్లు మోకాలి నొప్పి చాటున దాగి ఉంటుంది. అమ్మగారికి మోకాలి కంటే కాస్త కింద ఒక్కచోట నొక్కితే విపరీతమైన నొప్పి ఉంటే అది చూడకుండా ఆపరేషన్ చేయకూడదు. ఉంటే దాన్ని దాటిపోయే పొడుగు స్టెమ్ కావాలి.

ఇప్పుడు మీ ఊరి సంగతి. మీరు దాన్ని మామూలుగా రాసి వదిలేశారు గానీ, నా కన్ను అక్కడే ఆగింది. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి ప్రాంతాల్లో పెరిగిన 63 ఏళ్ల మనిషి చిన్నతనమంతా బోరు నీళ్లు, బావి నీళ్లు తాగి ఉంటారు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అక్కడి బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. కృష్ణా నీళ్లు ఇళ్లకు వచ్చేసరికి ఆ తరానికి ఎముకల్లో చేరాల్సింది చేరిపోయింది. మన దేశంలో ఈ జబ్బును, అంటే ఫ్లోరైడ్ ఎముకల్లో చేరి వచ్చే ఫ్లోరోసిస్‌ను, మొదట గుర్తించి రాసింది 1937లో, నాటి నెల్లూరు జిల్లాలో, అంటే ఈనాటి ప్రకాశం వైపు. ఫ్లోరోసిస్ వల్ల కాళ్లు వంగినవాళ్లలో వంకర మోకాలి కీలులోనే ఉండదు, ఎముక కాండంలోనూ ఉండవచ్చు. అందుకే ముంజేతి ఎక్స్‌రే ఒకటి తీయించండి. రెండు ముంజేతి ఎముకల మధ్య పొర సున్నంలా గట్టిపడి కనిపిస్తే ఫ్లోరోసిస్ అని దాదాపు ఖాయమవుతుంది.

దీనివల్ల ఆపరేషన్ ఎలా మారుతుందంటే, ఆ ఎముక చూడటానికి రాయి, నిజానికి పెళుసు. రంపం వేడెక్కిపోతుంది, నీళ్లు పోస్తూ నెమ్మదిగా కోయాలి. గట్టి ఎముకలోకి సిమెంటు ఇంకదు, చిన్న డ్రిల్లుతో చాలా రంధ్రాలు వేసి కడిగి ఆరబెట్టాకే సిమెంటు పెట్టాలి. లోపలి గొట్టం ఇరుకైపోయి ఉంటుంది కాబట్టి పొడుగు స్టెమ్ దిగకపోవచ్చు. బలవంతంగా కొడితే ఎముక చీలుతుంది. సన్నని, పొట్టి సిమెంటు స్టెమ్ మేలు. వెన్ను లిగమెంట్లు కూడా గట్టిపడి ఉంటే నడుముకు ఇచ్చే మత్తు సూది దిగడం కష్టం, మత్తు డాక్టరుకు ముందే తెలియాలి. అన్నిటికంటే ముఖ్యం, అమ్మగారికి కాళ్లలో తిమ్మిర్లు, బిగువు, చెప్పు జారిపోవడం, మూత్రం ఆపుకోలేకపోవడం ఉన్నాయా అడగండి. ఫ్లోరోసిస్‌లో వెన్నుపాము నలిగి నడక పాడవుతుంది. అది వదిలేసి మోకాలు మారిస్తే నొప్పి పోతుంది గానీ నడక రాదు. అలాంటిది ఉంటే ముందు వెన్నుకు ఎంఆర్ఐ.

ఫ్లోరోసిస్ లేకపోయినా పొడుగు ఎక్స్‌రే తప్పనిసరి. నిలబెట్టి, తుంటి నుంచి చీలమండ దాకా ఒకే చిత్రంలో వచ్చేది, స్కానోగ్రామ్ అంటారు. మీరు చెప్పిన 24 డిగ్రీలు చిన్న ఎక్స్‌రే మీద కొలిచి ఉంటే ఆ అంకెను నేను నమ్మను. తొడ ఎముకే విల్లులా వంగి ఉండటం మన ఆడవాళ్లలో తక్కువేమీ కాదు. ఒకప్పుడు కాలు విరిగితే నాటుకట్టు కట్టించుకుని వంకరగా అతుక్కున్నవాళ్లూ ఉంటారు. కీలుకు దూరంగా ఉన్న వంకర తొడ ఎముకలో 20 డిగ్రీలు, కాలి ఎముకలో 30 డిగ్రీల లోపు ఉంటే సాధారణంగా కీలు దగ్గరి కోతతోనే సర్దుతాం. దాటితే ఆ ఎముకను అక్కడే కోసి నిటారు చేయాల్సి వస్తుంది, ఏ ఇంప్లాంట్ కూడా దాన్ని కప్పిపుచ్చదు.

కాలు పూర్తిగా నిటారుగా రావాలని పట్టుబట్టకండి. 2012లో వచ్చిన బెల్జియం అధ్యయనంలో ఏ నొప్పీ లేని 250 మంది యువతీయువకుల కాళ్లు కొలిస్తే మగవాళ్లలో 32 శాతం, ఆడవాళ్లలో 17 శాతం మందికి సహజంగానే 3 డిగ్రీలు, అంతకు మించిన దొడ్డితనం ఉంది. రెండు మూడు డిగ్రీలు మిగిలితే అది సర్జన్ తప్పు కాదు, చాలాసార్లు ఆలోచించి చేసినదే.

బంగారు పూత గురించి త్వరగా చెప్పేస్తాను. అది బంగారం కాదు, టైటానియం నైట్రైడ్ లేదా టైటానియం నియోబియం నైట్రైడ్ పూత. నికెల్ పడని ఒంటితీరు ఉన్నవాళ్లకు ఉపయోగం. గిల్టు నగ పెట్టుకుంటే చెవులు పుండ్లు పడతాయా, గడియారం వెనక దద్దు వస్తుందా అడగండి. లేకపోతే మామూలు కోబాల్ట్ క్రోమియం చాలు. 30 ఏళ్ల మాట ప్రయోగశాలలో యంత్రం మీద ప్లాస్టిక్ అరుగుదల కొలిచి చెప్పేది. మనిషి మోకాళ్లు పాడయ్యేది ఒక్క అరుగుదల వల్లే కాదు, ఇన్ఫెక్షన్, వదులవడం, ఊగడం కూడా ఉన్నాయి. దొడ్డికాలులో నాకు భయం ఆ చివరి రెంటి గురించే, వాటికి పూత ఏమీ చేయదు. రోబో మంచి పనిముట్టు, కోత కచ్చితంగా వస్తుంది, లిగమెంటు బిగువును అంకెల్లో చూపిస్తుంది. కానీ చాలా రోబోలు ఒక్క కంపెనీ ఇంప్లాంట్లతోనే పనిచేస్తాయి. ఆ కంపెనీ సీసీకే, ఆగ్మెంట్లు ఆ ఆసుపత్రిలో ఉన్నాయా అన్నది మళ్లీ అదే ప్రశ్న.

ఖర్చు: 2017 ఆగస్టులో మందుల ధరలు నిర్ణయించే కేంద్ర సంస్థ ఎన్‌పీపీఏ మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర పెట్టింది. అప్పటిదాకా లక్షన్నర దాటిన కోబాల్ట్ క్రోమియం మోకాలు 54,720 రూపాయలకు దిగింది. టైటానియం, ఆక్సిడైజ్డ్ జిర్కోనియం రకాలకు 76,600, రివిజన్ (రెండోసారి మార్చేటప్పుడు వేసే) రకాలకు 1,13,950, జీఎస్టీ అదనం. తర్వాత అంకెలు మారుతూ వచ్చాయి కాబట్టి ఇప్పటి జాబితా ఆ సంస్థ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఆసుపత్రిలో అంచనా కాగితం రాయించుకునేటప్పుడు పీఎస్ అయితే ఎంత, స్టెమ్ చేరితే ఎంత, సీసీకే అయితే ఎంత అని మూడు వరుసలు విడివిడిగా రాయమనండి. డిశ్చార్జి ఫైలులో ప్రతి ముక్క స్టిక్కర్ అంటించి ఉండాలి. పేరు, లాట్ నంబరు, సైజు అన్నీ అందులోనే ఉంటాయి. ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో దాచండి. పదిహేనేళ్ల తర్వాత ప్లాస్టిక్ ఒక్కటే మార్చాల్సి వస్తే ఆ స్టిక్కర్ లేక మొత్తం మోకాలు మార్చాల్సిన పరిస్థితి చూశాను.

ఆపరేషన్ అయ్యాక మీరు భయపడకుండా ఉండటానికి ఒకటి ముందే చెబుతాను. కుడికాలు వంకర పోగానే అది పొడుగవుతుంది. ఎడమకాలు ఇంకా వంగే ఉంటుంది కాబట్టి అమ్మగారికి పక్కకు ఒరిగిపోతున్నట్టు ఉంటుంది, డాక్టరు ఏదో తప్పు చేశాడనుకుంటారు. రెండో మోకాలు చేసేదాకా ఎడమ చెప్పులో మడమ కింద దిమ్మ వేయించండి, ఎంత ఎత్తో ఫిజియోథెరపిస్టు కొలిచి చెబుతారు. మన ఇళ్లలో లోపల చెప్పులు వేసుకోరు కాబట్టి ఇంట్లోకి విడిగా అలాంటిదే ఇంకో జత చేయించండి. వంటింట్లో, బాత్రూంలో నడిచేది వట్టి కాళ్లతోనే కదా, పడేది అక్కడే.